పోటు వేళ, మొగ దారి: తీరజలాల్లో పడవ ప్రయాణ ప్రణాళికపై ఒక సమీక్ష

తీరం వెంబడి సాగే పడవ ప్రయాణాన్ని ముందుగా లెక్కగట్టడానికి కావలసిన విద్య ఒకే చోట దొరకదు. చంద్రసూర్యుల గతిని బట్టి సముద్రమట్టం ఏ వేళకు ఎంత ఉంటుందో చెప్పే గణితం పందొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికే దాదాపు పూర్తి రూపం దిద్దుకుంది. గాలికీ కెరటానికీ ప్రవాహానికీ ఉన్న సంబంధాన్ని అంచనా వేసే శాస్త్రం ఇటీవలి దశాబ్దాల్లో కంప్యూటర్ నమూనాల ఊతంతో ఎంతో ముందుకు నడిచింది. నది సముద్రంలో కలిసే చోట ఇసుక ఎప్పుడు ఏ పక్కకు మేటవేస్తుందనే జ్ఞానం మాత్రం నేటికీ చాలావరకు సరంగుల, తండేళ్ల అనుభవంలోనే, అంటే పడవ నడిపే పెద్దల కంటిచూపులోనే మిగిలి ఉంది. ప్రణాళిక విషయంలో ఇప్పటిదాకా వెలువడిన రచనలు ఎక్కువగా మొదటి రెండింటి చుట్టూ తిరుగుతాయి. తెలుగు పడవల విషయంలో మూడోదానికే పెద్దపీట వేయాలని, ప్రయాణపు లెక్క ఇంటి రేవు దగ్గర కాక అన్నిటికంటే ఇరుకైన, లోతు తక్కువైన చోట మొదలై అక్కడి నుంచి వెనక్కి నడవాలని ఈ సమీక్ష ప్రతిపాదిస్తుంది.

ఈ ప్రశ్నను హైదరాబాద్ నుంచి పరిశీలించడానికి తగిన కారణం ఉంది. దగ్గరి సముద్రతీరానికి రెండువందల యాభై కిలోమీటర్లకు పైగా దూరంలో, హైటెక్ సిటీకి ఉత్తరాన, కూకట్‌పల్లి దాటాక నిజాంపేట పక్కన ఉన్న ప్రగతినగర్‌లో, ఇన్‌కాయిస్ అనే పొట్టిపేరుతో తెలిసిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం పనిచేస్తోంది. 1999లో స్వయంప్రతిపత్తి గల సంస్థగా ఏర్పడి, ఇప్పుడు కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కింద నడిచే ఈ కేంద్రం, 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత దేశానికి సునామీ హెచ్చరిక కేంద్రంగా కూడా మారింది. ఆ సేవ 2007 అక్టోబరులో మొదలైంది. గుజరాత్ నుంచి బెంగాల్ దాకా, అండమాన్ నుంచి లక్షద్వీప్ దాకా సముద్రంలోకి దిగే చిన్న పడవకు కెరటం ఎత్తు, గాలి వేగం, ప్రవాహ దిశ ముందుగా చెప్పే సూచనలు సైబరాబాద్ అంచునున్న ఈ ప్రాంగణం నుంచే వెళతాయి. ఐటీ కారిడార్ పేరు చెప్పగానే బ్యాంకులకూ దుకాణాలకూ రాసే సాఫ్ట్‌వేర్ గుర్తుకు రావడం సహజమే గాని, ఆ ప్రాంతపు కంప్యూటర్లు చేస్తున్న లెక్కల్లో వేలాది మత్స్యకారుల ప్రాణాలకు నేరుగా సంబంధించినవి ఇవే.

సముద్రపు నీరు ఎక్కడాన్ని పోటు అనీ, తీయడాన్ని పాటు అనీ అంటారు. భారత తీరంలో చాలాచోట్ల రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. ఒక నిండుపోటుకూ మరుసటి నిండుపోటుకూ మధ్య సగటున 12 గంటల 25 నిమిషాలు గడుస్తాయి కనుక, నిన్నటి పోటు నేడు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. చంద్రుడి ఆకర్షణ, సూర్యుడి ఆకర్షణ ఒకే గీత మీద కలిసే అమావాస్య, పౌర్ణమి వేళల్లో పోటుపాట్ల మధ్య తేడా పెరుగుతుంది. అవి లంబంగా ఉండే అష్టమి ప్రాంతంలో తగ్గుతుంది. సముద్రం ఈ మార్పును కాస్త ఆలస్యంగా అందుకుంటుంది గనుక అన్నిటికంటే పెద్ద పోటు తరచుగా పాడ్యమి, విదియలకు, అన్నిటికంటే చిన్న పోటు నవమి, దశమిలకు కనబడుతుంది. చంద్రుడు భూమికి బాగా దగ్గరైన సమయం పౌర్ణమితోనో అమావాస్యతోనో కలిసినప్పుడు, అందులోనూ మార్చి, సెప్టెంబరు నెలల్లో సూర్యుడు భూమధ్యరేఖ మీద ఉన్న రోజుల్లో, ఈ తేడా ఏడాదిలోకెల్లా ఎక్కువగా ఉంటుంది.

తెలుగు మత్స్యకార కుటుంబాల్లో తిథి చూసి పోటు వేళ చెప్పే అలవాటు వెనుక గట్టి శాస్త్రం ఉంది. ఒక రేవులో అమావాస్యనాడు నిండుపోటు ఏ వేళకు వస్తుందో, పౌర్ణమినాడు కూడా దాదాపు అదే వేళకు వస్తుంది. అక్కడి నుంచి తిథికి 50 నిమిషాల చొప్పున జరుపుకుంటూ పోతే అష్టమి నాటికి ఆరు గంటలు దాటి జరుగుతుంది కాబట్టి, పున్నమినాడు నిండుగా ఉన్న వేళకే అష్టమినాడు నీరు పూర్తిగా తీసి ఉంటుంది. పంచాంగం చేతిలో ఉన్న మనిషి తన రేవు వరకు అరగంట అటూఇటూగా పోటు వేళ చెప్పగలడు. అయితే ఈ పద్ధతి వేళను చెప్పినంత బాగా ఎత్తును చెప్పలేదు. ఎత్తు కోసమే పట్టికలు పుట్టాయి. భారతదేశంలో పోటుపాట్ల క్రమబద్ధమైన కొలతలు 1877లో సర్వే ఆఫ్ ఇండియా ఆధ్వర్యంలో, కెప్టెన్ బెయిర్డ్ పర్యవేక్షణలో మొదలయ్యాయి. ఆ కొలతల్లో కలిసిపోయి ఉన్న వేర్వేరు లయలను విడదీసి, మళ్లీ కలిపి భవిష్యత్తుకు గీత గీసే యంత్రాన్ని ఎడ్వర్డ్ రాబర్ట్స్ 1879లో ప్రత్యేకించి భారతీయ రేవుల కోసం లండన్‌లో తయారు చేయించాడు. పళ్లచక్రాలు, కప్పీలు, తీగలతో పనిచేసిన ఆ యంత్రం చేసిన కూడికనే నేడు కంప్యూటర్ క్షణంలో చేస్తోంది. సూత్రం మాత్రం మారలేదు.

అయితే సంఖ్యలు చోటును బట్టి ఎంతగా మారతాయో గమనించకపోతే ప్రణాళిక మొత్తం తప్పుదారి పడుతుంది. పెద్ద పోటు రోజుల్లో విశాఖపట్నం దగ్గర పోటుపాట్ల తేడా సుమారు ఒకటిన్నర మీటర్లు. చెన్నై దగ్గర అంతకంటే తక్కువ. ఉత్తరానికి పోయేకొద్దీ, ఖండపు అంచున సముద్రం వెడల్పుగా, లోతు తక్కువగా మారేకొద్దీ పెరుగుతూ హుగ్లీ ముఖంలో నాలుగు మీటర్లు దాటుతుంది. పడమటి తీరాన గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖది మరో లోకం. అక్కడ సముద్రం వెడల్పైన నోటితో మొదలై లోపలికి పోయేకొద్దీ సన్నబడుతుంది, లోతు తగ్గుతుంది; పోటుతో వచ్చిన నీరంతా ఆ ఇరుకులో పైకి లేవక తప్పదు. భావనగర్ దగ్గర తేడా పది మీటర్లు దాటుతుంది, ప్రవాహ వేగం సెకనుకు మూడు మీటర్ల దాకా పోతుంది. సముద్రపు లెక్కలో అది ఆరు నాట్లకు దరిదాపు. నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు. మామూలు మరపడవ ఇంజను పూర్తి బలంతో తిరిగినా అలాంటి ప్రవాహానికి ఎదురీదితే ఒడ్డునున్న చెట్టు కదలకుండా నిలిచినట్టే కనబడుతుంది.

ఖంభాత్ జలాల్లో ప్రయాణ ప్రణాళిక ఎలా ఉండాలో చెప్పిన తొలి గ్రంథాల్లో ఒకటి క్రీస్తు శకం మొదటి శతాబ్దానికి చెందిన గ్రీకు నావికుడి రచన 'ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్'. తెలుగుతీరాన్ని మసాలియా పేరుతో, అక్కడి సన్నని నూలుబట్టలతో సహా పేర్కొన్న ఆ గ్రంథమే, నర్మద ఒడ్డున నేటి భరూచ్‌కు చేరే ఓడల కష్టాన్ని వివరంగా చెబుతుంది: నీరు తీసినప్పుడు సముద్రపు అడుగు బయటపడుతుందనీ, పోటు వచ్చినప్పుడు నది వెనక్కి పరుగెడుతుందనీ, అందుకే రాజు కొలువులోని స్థానిక జాలరులు పెద్ద పడవల్లో ఎదురెళ్లి ఓడలను లోపలికి నడిపిస్తారనీ, వాళ్లు పోటు మొదలవగానే కదిలి, పాటు వేళకు నిర్ణీతమైన లోతుమడుగుల్లో లంగరు వేసి ఆగుతారనీ రాస్తుంది. రెండు వేల ఏళ్ల తర్వాత రాసిన ఏ నావికా పాఠ్యగ్రంథమూ ఈ క్రమాన్ని కాదనలేదు. అనుకూల ప్రవాహంలో కదలడం, ప్రతికూల ప్రవాహంలో సురక్షితమైన చోట ఆగడం, ఆగే చోట్లను బయలుదేరకముందే నిర్ణయించుకోవడం అనే మూడు పనుల చుట్టూనే మిగతా విద్య అంతా అల్లుకుంది.

ప్రవాహాన్ని లెక్కలోకి తీసుకోవడం ఎంత తేడా తెస్తుందో చిన్న గణితం చూపిస్తుంది. నిశ్చల నీటిలో ఆరు నాట్ల వేగంతో పోయే పడవ 24 నాటికల్ మైళ్లు పోవాలనుకుంటే, మూడు నాట్ల ప్రవాహం వెనక నుంచి తోసినప్పుడు 2 గంటల 40 నిమిషాలు పడుతుంది. అదే ప్రవాహం ఎదురైతే ఎనిమిది గంటలు పడుతుంది. ఆ ఎనిమిది గంటలూ ప్రవాహం ఎదురుగానే ఉండదు, ఆరు గంటల తర్వాత దిశ మారుతుంది. కనుక ముందుగా ఇంజను వేసి డీజిలు కాల్చిన పడవ, రేవులోనే కొన్ని గంటలు ఆగి బయలుదేరిన పడవ కంటే పెద్దగా ముందు చేరదు. పక్క నుంచి వచ్చే ప్రవాహం సంగతి ఇంకా సూక్ష్మమైనది. ఆరు నాట్ల పడవను రెండు నాట్ల ప్రవాహం అడ్డంగా నెడుతున్నప్పుడు, గమ్యం వైపు నేరుగా సాగాలంటే ముక్కును దాదాపు 20 డిగ్రీలు ప్రవాహానికి ఎదురుగా తిప్పి పట్టుకోవాలి. గోదావరి పాయను అడ్డంగా దాటే నాటుపడవ నడిపేవాడు ముక్కును ఎగువకు పెట్టి అవతలి రేవుకు సూటిగా చేరడం సరిగ్గా ఇదే లెక్క. దిక్సూచి చూపే దిశకూ, జీపీఎస్ చూపే అసలు గమన దిశకూ ఉన్న తేడాను చూస్తూ ఉంటే ప్రవాహం ఎటు నెడుతోందో అక్కడికక్కడే తెలుస్తుంది. గమ్యం గుర్తు వైపే ముక్కు తిప్పుకుంటూ పోయే పడవ మాత్రం వంకర దారిన, తరచుగా రాళ్ల వైపో మేటల వైపో లాగబడుతుంది.

ప్రవాహం ఏ గంటకు ఎంత ఉంటుందో పట్టిక అందుబాటులో లేనప్పుడు రెండు మోటు సూత్రాలు వాడతారు. నీటిమట్టం విషయంలో, ఆరు గంటల పోటును పన్నెండు వంతులు చేస్తే మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో రెండు, చివరి గంటలో ఒకటి చొప్పున నీరు పెరుగుతుంది. అంటే సగం నీరు నడిమి రెండు గంటల్లోనే వస్తుంది. ప్రవాహం విషయంలో, నీరు నిలిచిన వేళ నుంచి గంటకు గరిష్ఠ వేగంలో సగం, రెండు గంటలకు తొంభై శాతం, మూడు గంటలకు పూర్తి వేగం అందుతాయి. తర్వాత అదే క్రమంలో తగ్గుతాయి. పెద్ద పోటునాటి వేగం తెలిస్తే, ఆ రోజు పోటుపాట్ల తేడా పెద్ద పోటు తేడాలో ఎన్నో వంతో చూసి అదే నిష్పత్తిలో తగ్గించుకోవచ్చు. ఈ సూత్రాలు బహిరంగ తీరంలో బాగా పనిచేస్తాయి. నదీముఖాల్లో పనిచేయవు, అక్కడ ఒడ్డు దగ్గర నీటిమట్టం పెరగడం ఆగిన తర్వాత కూడా లోపలికి ప్రవాహం చాలాసేపు సాగుతూ ఉండవచ్చు, వరద కాలంలో పోటు వేళ కూడా ప్రవాహం బయటికే ఉండవచ్చు.

ఇక్కడే తెలుగుతీరపు ప్రత్యేకత ముందుకు వస్తుంది. సుమారు వెయ్యి కిలోమీటర్ల ఆంధ్రతీరంలో, ఒడ్డుకు కొన్ని మైళ్ల దూరాన, పోటుపాట్ల వల్ల పుట్టే ప్రవాహం బలహీనం. అక్కడ పడవను నెట్టేది రుతువులతో దిశ మార్చుకునే తూర్పుతీర ప్రవాహం. వేసవి ముందు నెలల్లో అది ఉత్తరం వైపు, ఈశాన్య రుతుపవనాల కాలంలో దక్షిణం వైపు పారుతుంది, బలంగా ఉన్న రోజుల్లో రెండు నాట్లకు చేరుతుంది. కాబట్టి విదేశీ పాఠ్యపుస్తకాల్లోని పోటు ప్రవాహ పటాల పద్ధతిని విశాఖకూ మచిలీపట్నానికీ మధ్య యథాతథంగా దించడం వృథా శ్రమ. కాని అదే తీరంలో నదులూ ఉప్పుటేర్లూ సముద్రంలో కలిసే మొగల దగ్గర పరిస్థితి తారుమారవుతుంది. ఊహకోసం ఒక లెక్క వేయవచ్చు: ఒక మొగ వెనక పది చదరపు కిలోమీటర్ల ఉప్పుటేరు, మడ అడవి ఉన్నాయనుకుంటే, పోటుతో అక్కడ మీటరు నీరు పెరగాలంటే కోటి ఘనపు మీటర్ల నీరు ఆరు గంటల్లో లోపలికి రావాలి. మొగ వెడల్పు 200 మీటర్లు, లోతు మూడు మీటర్లయితే సగటు వేగమే సెకనుకు ముప్పావు మీటరు దాటుతుంది; నడివేళ గరిష్ఠ వేగం 1.2 మీటర్లకు, అంటే సుమారు 2.3 నాట్లకు చేరుతుంది. సముద్రంలో కనబడని పోటు మొగలో ఉరకలెత్తడానికి కారణం ఇదే. గౌతమి కలిసే భైరవపాలెం, వశిష్ఠ కలిసే అంతర్వేది, కోరంగి మడ అడవుల నడిమి ఏర్లు, కృష్ణా జిల్లాలో గిలకలదిండి, బాపట్ల జిల్లాలో నిజాంపట్నం, దక్షిణాన పులికాట్ సరస్సు ముఖాలు ఈ కోవలోకే వస్తాయి.

మొగలో ప్రమాదం ప్రవాహం ఒక్కదాని వల్ల రాదు. ప్రవాహం కెరటానికి ఎదురైనప్పుడు వస్తుంది. సముద్రం నుంచి వచ్చే కెరటాన్ని పాటు నీరు ఎదుర్కొంటే కెరటం పొడవు కుదించుకుపోతుంది, ఎత్తు పెరుగుతుంది, ముఖం నిటారుగా లేస్తుంది. లోతైన నీటిలో కెరటం వేగంలో నాలుగో వంతుకు ఎదురు ప్రవాహం చేరితే ఆ కెరటం ముందుకు సాగలేక అక్కడే విరిగిపోతుందని జలగతిశాస్త్రం నిరూపించింది. గాలి లేపే నాలుగు సెకన్ల కెరటం సెకనుకు సుమారు ఆరు మీటర్ల వేగంతో పోతుంది గనుక మూడు నాట్ల పాటు నీరు దాన్ని నిలువునా ఆపగలదు. ఆరు సెకన్ల కెరటానికి నాలుగున్నర నాట్లు కావాలి. ఆ హద్దు చేరకముందే కెరటాలు పడవ ముక్కును కిందికి దింపి, వెనుక భాగాన్ని పక్కకు తిప్పేంత నిటారుగా మారతాయి. దక్షిణ మహాసముద్రం నుంచి వేల కిలోమీటర్లు దాటి వచ్చే పొడవాటి కెరటాలను ఇంత ప్రవాహం ఆపలేదు గాని, అవి మొగ ముందరి ఇసుక మేట మీదికి ఎక్కినప్పుడు, కెరటం ఎత్తు అక్కడి లోతులో సుమారు ఎనభై శాతానికి చేరగానే విరుగుతాయి. రెండు మీటర్ల లోతున్న మేట మీద 1.6 మీటర్ల కెరటం విరుగుతుందన్నమాట. నీరు తీసేకొద్దీ లోతు తగ్గుతుంది, పాటు వేగం పెరుగుతుంది. కనుక పాటు మూడు, నాలుగు గంటల్లో ఈ రెండు కీడులూ ఒక్కచోట కలుస్తాయి. బహిరంగ సముద్రంలో కెరటం ఎత్తు ఒక మీటరే అని ఉదయం వచ్చిన సూచన పూర్తిగా నిజమైనా, అదే రోజు మధ్యాహ్నం మొగలో పడవ తిరగబడడానికి ఈ కలయిక చాలు.

లోతు లెక్క ఈ కారణంగా రెండో స్థానంలోకి కాక, ప్రవాహంతో కలిపి చూడవలసినదిగా మారుతుంది. డెహ్రాడూన్‌లోని జాతీయ జలసర్వే కార్యాలయం ప్రచురించే సముద్రపటాల్లో అంకెలన్నీ నీరు బాగా తీసినప్పటి ఒక ప్రమాణ మట్టం నుంచి కొలిచినవి. దాన్ని ఇండియన్ స్ప్రింగ్ లో వాటర్ అంటారు, జార్జ్ డార్విన్ భారత జలాల కోసమే రూపొందించాడు. పటంలోని లోతుకు ఆ వేళ పోటు ఎత్తు కలిపి, పడవ మునుగు లోతును, కెరటపు పల్లంలో పడవ దిగే మేరను తీసేస్తే అడుగున మిగిలే నీరు తెలుస్తుంది. పటం మీద 0.8 మీటర్లున్న మేట మీద పోటు 1.2 మీటర్లు చేరితే లోతు రెండు మీటర్లు; మీటరు కెరటం ఉంటే పల్లంలో అర మీటరు పోతుంది; మునుగు లోతు 1.2 మీటర్లున్న పడవకు అడుగున మిగిలేది 30 సెంటీమీటర్లు మాత్రమే. ఈ లెక్కలో వాతావరణానికీ వాటా ఉంది: గాలిపీడనం ఒక మిల్లీబారు పెరిగితే సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతుంది. విశాఖ దగ్గర నెలవారీ సగటు సముద్రమట్టం వేసవి ముందు తక్కువగా, అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువగా ఉంటుంది. ఆ తేడా దాదాపు అర మీటరు. ఒకటిన్నర మీటర్ల పోటు ఉన్న తీరంలో అర మీటరు చిన్న విషయం కాదు. పోటుపాట్ల పట్టికలు ఈ రుతుమార్పును సగటున లెక్కలోకి తీసుకుంటాయి గాని, ఒక ప్రత్యేక సంవత్సరపు గాలులు ఆ సగటును పాటించవు.

ఈ పరిశీలనలన్నీ కలిపితే లోపలికి వచ్చే పడవకు పోటు చివరి రెండు గంటలు అన్నిటికంటే మంచి వేళ అని తేలుతుంది: ప్రవాహం కెరటంతో పాటే లోపలికి పోతుంది, లోతు పెరుగుతూ ఉంటుంది, పడవ మేటకు తగిలినా కాసేపటికి నీరే లేపుతుంది. బయటికి పోయే పడవ పాటు నీటి ఊతం కోసం ఆశపడడం సహజమే అయినా, నిండుపోటు నిలిచిన వేళకో, అంతకు కొంచెం ముందో మొగ దాటడమే క్షేమం. పెద్ద పోటు శిఖరాన మేట మీద చిక్కుకున్న పడవకు మరో చిక్కు పొంచి ఉంది. తర్వాతి పోట్లు రోజురోజుకూ తగ్గుతాయి కనుక తగినంత నీరు మళ్లీ రావడానికి రెండు వారాలు పట్టవచ్చు. గిలకలదిండి వంటి రేవుల్లో మొగ పూడిపోయి, పోటు వచ్చేదాకా మరబోట్లు బయట వరుసగా నిలిచి ఉండడం ఏళ్ల తరబడి ఉన్న బాధ. కట్టలు కట్టి, పూడిక తీసి మొగను నిలబెట్టే పనులు అవసరమే. అయితే తీరం వెంబడి ఇసుక ఏటా కదులుతూనే ఉంటుంది కాబట్టి పూడికతీత ఒకసారితో తీరేది కాదు. గుజరాత్‌లో ఘోఘా, దహేజ్‌ల మధ్య 2017 అక్టోబరులో మొదలైన వాహనాల ఫెర్రీకి దహేజ్ వైపు పూడికే ప్రధాన ఆటంకమైందన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది.

రేవు చేరువలో ఓడకు వచ్చే ఆపదను తెలుగు పాలకులు చట్టంలోనే గుర్తించారు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం, గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారని చెప్పి, ఇకపై నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని వర్తకులకు హామీ ఇచ్చింది. తీరప్రయాణంలో నష్టం ఎక్కువగా నడిసముద్రంలో కాక ఒడ్డు దగ్గరే జరుగుతుందన్న ఎరుక ఆ మాటల వెనుక ఉంది.

ప్రగతినగర్ నుంచి నేడు అందుతున్న సేవల్లో ఈ చర్చకు అన్నిటికంటే దగ్గరిది చిన్న నౌకల కోసం రూపొందించిన సలహా వ్యవస్థ. ఏడు మీటర్ల వరకు వెడల్పున్న పడవలకు, తిరగబడే ప్రమాదం ఉన్న ప్రాంతాలను పది రోజుల ముందు దాకా ఇది చూపుతుంది; ఆంధ్రతీరంలోని మత్స్యకార పడవలు ఈ కొలతలో ఇమిడిపోతాయి. ఇది కెరటం ఎత్తును మాత్రమే చూసి ఊరుకోదు. కెరటపు నిటారుతనం, కెరటాలు వచ్చే దిశలు ఎంత చెదిరి ఉన్నాయి, గాలి కెరటాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయి అనేవాటిని కూడా కలిపి పడవ భద్రతకు ఒక సూచిక కడుతుంది. ఎత్తు ఒక్కటే చూసే పాత పద్ధతి కంటే ఇది ఎంతో మెరుగు. దీనికి తోడు మచిలీపట్నం, కాళీపట్నాల్లో ఉన్న జంట రాడార్లు రేడియో తరంగాలతో తీరం నుంచి సుమారు 200 కిలోమీటర్ల దాకా సముద్రపు పైనీటి ప్రవాహాన్ని కొలుస్తాయి. అలాంటి జంటే ఖంభాత్ సింధుశాఖ దగ్గర కూడా ఉంది. మొబైల్ సిగ్నల్ ఒడ్డు నుంచి పదీ పన్నెండు కిలోమీటర్లతో ఆగిపోతుంది కనుక, ఆ పైన ఉన్న పడవలకు ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు పంపే జెమిని అనే పరికరాన్ని 2019 అక్టోబరులో ప్రవేశపెట్టారు.

ఇంత ఉన్నా, కొన్ని కిలోమీటర్ల గళ్లుగా సముద్రాన్ని విభజించి లెక్కించే ఏ నమూనా అయినా రెండువందల మీటర్ల మొగను చూడలేదు. అది శాస్త్రజ్ఞుల లోపం కాదు, కొలమానపు పరిమితి. మొగ లోతు గత వరదకు మారిపోయి ఉండవచ్చు. మేట దక్షిణానికి జరిగి ఉండవచ్చు. ఆ సంగతి ఉపగ్రహానికి తెలిసేలోపు అక్కడ వల వేసే మనిషికి తెలుస్తుంది. జెమిని వంటి పరికరం సూచనను పడవకు అందిస్తుంది గాని, పడవ చూసినదాన్ని వెనక్కి పంపదు. శ్రీకాకుళం, విజయనగరం తీరాల్లో రేవే లేకుండా ఇసుక ఒడ్డు నుంచి నేరుగా కెరటాల్లోకి దూకే ఫైబర్ పడవలకైతే మొగ సమస్య లేదు. వాటికి దూరసముద్రపు కెరటాల హెచ్చరికే ప్రాణాధారం. ఒకే సూచనను అన్ని రకాల పడవలకూ, అన్ని రేవులకూ ఒకేలా చదవడం తగదు.

అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 1999లో ఆమోదించిన మార్గదర్శకాలు ప్రయాణ ప్రణాళికను సమాచార సేకరణ, ప్రణాళిక రచన, అమలు, నిరంతర పరిశీలన అనే నాలుగు దశలుగా విభజించాయి. పెద్ద ఓడల కోసం రాసిన ఆ క్రమంలో ప్రయాణం బయలుదేరే రేవు నుంచి గమ్యానికి ముందుకు సాగుతుంది. చిన్న పడవకు ఉపయోగపడే క్రమం దీనికి తిరగబడినది. తిరిగి వచ్చే మొగలో పోటు చివరి రెండు గంటలు ఏ వేళకు పడతాయో మొదట గుర్తించాలి. అక్కడి నుంచి వెనక్కి లెక్కించి వల ఎత్తవలసిన వేళ, వేట చోటు చేరవలసిన వేళ, బయటికి మొగ దాటవలసిన వేళ తేల్చాలి. ఆ వేళలు పొసగకపోతే ఆ రోజు వేట చోటునో, రేవునో మార్చాలి. ఆలస్యమైతే ఏ పక్క రేవుకు పోవచ్చు, మొగ ముందు ఎక్కడ లంగరు వేసి తర్వాతి పోటు దాకా ఆగవచ్చు, అందుకు డీజిలు, నీళ్లు మిగులుతాయా అన్నది ఒడ్డున ఉండగానే తేలాలి. తిరిగి రావలసిన వేళ ఒడ్డున ఒక మనిషికి చెప్పి ఉండాలి, తీరరక్షక దళపు 1554 నంబరు ఆ మనిషి దగ్గర ఉండాలి. అలసిపోయిన సరంగు చీకట్లో, ఇల్లు కనబడే దూరంలో, పాటు నీటికి ఎదురుగా మొగలోకి దూరే నిర్ణయమే ఈ ప్రయాణాల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది. ఆ నిర్ణయం తీసుకునే అగత్యమే రాకుండా చూడడం ప్రణాళిక చేయగల గొప్ప మేలు.

తెలుగు పడవవాళ్లు బలమైన పోటు జలాల్లో పనిచేసే చోటు స్వరాష్ట్రంలో కంటే గుజరాత్‌లోనే ఎక్కువ. పడమటి తీరంలో వేట నిషేధం ముగియగానే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వేరావళ్ రేవుకు వలస వెళ్లే మత్స్యకారులు నెలల తరబడి అక్కడి మరబోట్లలో ఉంటారు. 2018 నవంబరులో అలా వెళ్లినవారిలో కొందరిని సముద్ర సరిహద్దు దాటారన్న ఆరోపణపై పాకిస్తాన్ అధికారులు నిర్బంధించారు. వారిలో ఇరవై మంది 2020 జనవరిలో వాఘా మీదుగా స్వదేశం చేరారు. ఆ కుటుంబాలు గడిపిన పద్నాలుగు నెలల దుఃఖాన్ని ఏ పట్టికా కొలవలేదు. సాంకేతికంగా చూస్తే అక్కడి జలాల్లో పనిచేసే ప్రతి పడవకూ వర్తించే లెక్క ఒకటుంది: వల దింపి ఇంజను ఆపిన పడవను ఒకటిన్నర నాట్ల ప్రవాహం ఆరు గంటల్లో తొమ్మిది నాటికల్ మైళ్లు మోసుకుపోతుంది. తెరమీద సరిహద్దు గీత దగ్గర మోగే గంట సరిపోదు. ఆ రోజు తిథికి ప్రవాహం ఎంతో, ఏ వేళకు ఏ దిశకో చూసి, ఆ మేర గీతకు ఇవతలే వల వేసే చోటు ఎంచుకోవాలి. తూర్పుతీరంలో పుట్టి పెరిగిన తండేలుకు ఇంటి దగ్గర బహిరంగ సముద్రంలో బలమైన పోటు ప్రవాహం అనుభవంలో ఉండదు కాబట్టి, వలస వెళ్లే ముందు ఈ విషయం తెలుగులో నేర్పడం ఎంతైనా అవసరం. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవలు నేర్చుకుని సముద్రపోటీలకు వెళ్లే హైదరాబాద్ యువతకూ ఇదే వర్తిస్తుంది. గాలిని చదవడం చెరువు నేర్పుతుంది, పోటుపాట్లను నేర్పలేదు.

ఇప్పటికున్న ఏర్పాట్లకు చేర్చవలసింది పెద్ద యంత్రాంగమేమీ కాదు. తూర్పుతీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఉంటుంది. ఆ రోజుల్లో పడవలు ఒడ్డునే ఉంటాయి, సరంగులు అందుబాటులో ఉంటారు, గోదావరి, కృష్ణ వరదలు ఇంకా రావు. ముఖ్యమైన మొగలన్నింటిలో అప్పుడొకసారి, వరద తీసిన తర్వాత మరొకసారి, ప్రతిధ్వనితో లోతు కొలిచే చిన్న పరికరాన్ని స్థానిక పడవకే కట్టి, స్థానిక సరంగుతోనే కొలతలు తీయించవచ్చు. అలా తీసిన లోతులను, ఒక పక్షం పాటు మొగలో ఉంచిన ప్రవాహమాపకం చూపిన వేగాలను ప్రగతినగర్‌కు చేరిస్తే, చిన్న పడవలకు వెళ్లే సూచనలో కెరటం ఎత్తు పక్కనే ఫలానా మొగ ఫలానా వేళ నుంచి ఫలానా వేళ దాకా దాటదగినదని రేవు పేరుతో, తెలుగులో, గంటలతో సహా చెప్పడం సాధ్యపడుతుంది.